గృహాలలో భద్రతా, అగ్నిప్రమాద అలారం పరికరాలు – వేసవికి, వర్షాలకు ముందు చేపట్టవలసిన నిర్వహణ

బహుళ అంతస్తుల భవనాలకు, సినిమా హాళ్లకు ఉన్నట్లుగా ఉదయగిరి, ఆత్మకూరు పట్టణాలలోని సాధారణ గృహాలకు అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం తీసుకోవలసిన నిబంధన లేదు. అందువలన ఇంటిలో అమర్చుకున్న పొగ గుర్తింపు పరికరం గానీ, దొంగల అలారం గానీ పనిచేస్తున్నదీ లేనిదీ ఏటా తనిఖీ చేసే అధికారి ఉండరు. ఆ బాధ్యత పూర్తిగా గృహస్థునిదే. జిల్లా కేంద్రమైన నెల్లూరు నుంచి ఆత్మకూరు 50 కిలోమీటర్లకు పైగా, ఉదయగిరి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. అక్కడి నుంచి అదనపు శకటాలు రావలసి వస్తే పట్టే సమయం తక్కువేమీ కాదు.

ఈ ప్రాంత వాతావరణాన్ని బట్టి సంవత్సరానికి రెండు పర్యాయాలు, అనగా వేసవికి ముందు మార్చిలోను, ఈశాన్య రుతుపవనాలకు ముందు సెప్టెంబరులోను, పరికరాలను పరీక్షించుకోవడం సముచితం.

వేసవిలో ముందుగా చూడవలసినవి చలనాన్ని గుర్తించే సెన్సర్లు. పరిసరాల కంటే వేడిగా ఉండే మానవ దేహపు కదలికను ఆధారం చేసుకొని ఇవి పనిచేస్తాయి. గది ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటి దేహపు వేడికి చేరువైనప్పుడు ఆ వ్యత్యాసం తగ్గి, గదిలో మనిషి ఉన్నా సెన్సర్ గుర్తించలేకపోవచ్చు. కుటుంబమంతా డాబాపై నిద్రించే రోజులలోనే ఈ లోపం తలెత్తడం గమనార్హం. కనుక మధ్యాహ్న వేళ, తలుపులు మూసి ఉంచిన గదిలో నడిచి పరీక్షించాలి. ఉష్ణోగ్రతతో నిమిత్తం లేని అయస్కాంత సెన్సర్లను తలుపులకు అదనంగా అమర్చుకోవడం మేలు. అధిక వేడికి బ్యాటరీల ఆయుష్షు కూడా తగ్గుతుంది. కరెంటు ఆపివేసి, బ్యాటరీపై అలారం మోగుతున్నదో లేదో చూడాలి.

చెక్క గరిటెలు, చెంచాల తయారీకి ప్రసిద్ధి చెందిన ఉదయగిరిలో మరొక సమస్య ఉంది. చెక్కపొడి పొగ గుర్తింపు పరికరంలోనికి చేరితే పొగ లేకపోయినా అలారం మోగుతుంది. విసుగు చెంది బ్యాటరీ తొలగించడం అన్నిటికంటే ప్రమాదకరం. పరికరం గోడపై ఉన్నందున ఇంటివారు రక్షణ ఉన్నదనే భావిస్తారు. పని జరిగే గదిలోను, వంటగదిలోను పొగకు బదులు వేడిని గుర్తించే పరికరం అనువైనది. ఇతర గదులలోని పరికరాలను మెత్తని బ్రష్షుతో శుభ్రపరచి, తయారీ తేదీ నుంచి 10 సంవత్సరాలు దాటినవాటిని మార్చివేయాలి. వంటగ్యాస్ గాలి కంటే బరువైనది గనుక గ్యాస్ లీకును పసిగట్టే పరికరాన్ని నేలకు దగ్గరగా అమర్చాలి. సిలిండరు రబ్బరు ట్యూబును 5 సంవత్సరాలకొకసారి మార్చాలి.

వర్షాకాలంలో చెక్క తలుపులు ఉబ్బి అయస్కాంత సెన్సర్ల మధ్య ఎడం ఏర్పడుతుంది. తేమకు తీగల అతుకులు తుప్పు పడతాయి. చీమలు, సాలెపురుగులు పరికరాలలో చేరతాయి. ఎర్తింగును కూడా ఈ సమయంలోనే ఎలక్ట్రీషియన్‌తో పరీక్షింపజేయాలి.

1944 ఏప్రిల్ 14న బొంబాయి ఓడరేవులో జరిగిన పేలుడులో ప్రాణాలర్పించిన అగ్నిమాపక సిబ్బంది స్మృత్యర్థం ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. మార్చి పరీక్షలో బయటపడిన సందేహాలను ఆ వారంలో సిబ్బందిని అడిగి తెలుసుకోవచ్చు. అగ్నిప్రమాదం సంభవించినప్పుడు 101కు, గ్యాస్ లీకైనప్పుడు 1906కు, దొంగతనం జరిగినప్పుడు 112కు ఫోన్ చేయాలి. ఇంటికి తాళం వేసి ఊరు వెళ్లేవారు ముందుగా స్థానిక పోలీసు స్టేషన్‌కు తెలియజేయాలి.