చాపెల్‌లో నేర్చిన సమాధానము

1912వ సంవత్సరములో ఏర్పడిన మన దోర్నకల్ అధ్యక్ష మండలమును నూరేండ్లు కాచి నడిపించిన దేవునికి ముందుగా మా కృతజ్ఞతాస్తుతులు. ఈ శతాబ్ది సంచికలో మన దేవాలయములను గూర్చియు, పాఠశాలలను గూర్చియు, వైద్యశాలలను గూర్చియు పెద్దలు వ్రాయుచున్నారు. ఖమ్మం జిల్లాలో అడవి అంచుననున్న పెనుబల్లి ప్రాంతమున సేవచేయుచున్న మేము, మమ్మును గురువులుగా తయారుచేసిన కళాశాల చాపెల్‌ను గూర్చి వ్రాయ తలచితిమి. అక్కడి ఆరాధన మన పల్లెకు ఏమి ఇచ్చినది? ఇదియే మా ప్రశ్న.

చాపెల్ అను మాట, పైవస్త్రము అను అర్థముగల లాటిను మాటనుండి పుట్టినది. నాలుగవ శతాబ్దములో మార్టిను అను రోమా సైనికుడు చలికి వణకుచున్న బిచ్చగానిని చూచి, తన పైవస్త్రమును కత్తితో రెండుగా కోసి సగము వానికి కప్పెనని సంఘ సంప్రదాయము. ఆ వస్త్రమును భద్రపరచిన ప్రార్థనా స్థలమునకే మొదట ఆ పేరు వచ్చెను. కనుక పంచుకొనుట ఆ పేరులోనే ఉన్నది.

మన తెలుగుదేశములో విద్యను, ఆరాధనను జతపరచిన తొలివారిలో రాబర్ట్ నోబుల్ దొరగారు ముఖ్యులు. ఆయన 1841లో మచిలీపట్టణము చేరి, 1843లో పాఠశాల తెరచెను. అది ముఖ్యముగా పై కులముల బాలురను ఉద్దేశించినది. 1852లో ఆయన విద్యార్థులు ఇద్దరు బాప్తిస్మము పొందగా ఊరంతయు కలవరపడి, పిల్లలు అనేకులు బడి మానిరి. అయినను ఆ విద్యాలయము నిలిచి, నోబుల్ కళాశాలయై ఆయన పేరు నిలిపినది.

దోర్నకల్‌లో దేవుడు వేరొక ద్వారము తెరచెను. తిరునెల్వేలి నుండి 1909లో ఇచ్చటికి వచ్చిన వి. ఎస్. అజరయ్యగారు 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కెథెడ్రల్‌లో అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘములో తొలి భారతీయ బిషప్ అయిరి. వారి కాలమున సంఘములో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబములవారు. వారికి కావలసిన ఉపదేశకులు భార్యాబిడ్డలతో దోర్నకల్ వచ్చి శిక్షణ పొందిరి. భర్త వేదపాఠము నేర్చుచుండగా భార్యయు నేర్చుకొనెడిది. 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన ఎపిఫనీ కెథెడ్రల్ ఈ దేశపు శిల్పరీతులనే ధరించినది. ఆరాధన పరాయిది కాదని ఆ రాళ్లే చెప్పుచున్నవి. 1945 జనవరి 1న బిషప్‌గారు ప్రభువునందు నిద్రించిరి.

వారు ఎంతగానో కోరిన సంఘైక్యము 1947 సెప్టెంబరు 27న మద్రాసులో నెరవేరి, దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. 1950లో దాని ప్రభు భోజన ఆరాధనక్రమము వెలువడినది. అందులో గురువు ప్రజలవైపు తిరిగి బల్లయొద్ద నిలుచును. సురియాని సంఘముల ఆచారమునుండి గైకొన్న సమాధానమిచ్చుట కూడ అందులో చేరినది. ఇచ్చువారు తమ కుడి అరచేతిని పుచ్చుకొనువారి కుడి అరచేతితో కలిపి, ఎడమచేతులతో మూసికొందురు. ఆ విధముగా బల్లయొద్దనుండి బయలుదేరిన సమాధానము చేతినుండి చేతికి సంఘమంతటికి చేరవలెను.

1964లో లూథరన్, బాప్టిస్టు, మెథడిస్టు, దక్షిణ ఇండియా సంఘముల కలయికతో రాజమండ్రిలో ప్రారంభమైన ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కళాశాల, 1970ల తొలి సంవత్సరములలో హైదరాబాదునకు మారినది. అక్కడనే మేము చదివితిమి. ఒకరు పుస్తకము చూచి ప్రార్థింతురు, మరియొకరు కన్నులు మూసి హృదయములోనిది పలుకుదురు. మొదట ఒకరి పద్ధతి ఒకరికి వింతగా తోచినను, పురుషోత్తమ చౌదరిగారి కీర్తన ఎత్తుకొనగానే అందరి గొంతులును ఒక్కటయ్యెడివి. సమాధానమిచ్చుట మాకు అక్కడ సులభముగా నుండెను. ఎందుకనగా ప్రక్కవాని ఊరుగాని, పేటగాని మేము అంతగా ఎరుగము.

ఆ సులభమైన దానిని వెంటబెట్టుకొని మేము పల్లెకు వచ్చితిమి. పెనుబల్లి చుట్టుపట్ల ఒక గ్రామములో మొదటి ప్రభు భోజన దినమున క్రమము తప్పక ఆరాధన జరిగించి, సమాధానము ఇచ్చితిమి. అది మొదటి వరుస దాటి, చాపలు రెండుగా పరచిన చోట ఆగిపోయినది. ఇటు ఒక పేటవారు, అటు మరొక పేటవారు. ఆగినదని మేము చూచితిమి, అయినను తరువాతి కీర్తన ఎత్తుకొంటిమి. అట్లు ఒక సంవత్సరముపైగా జరిగినది. సంఘము చీలిపోవునను భయముతో నోరు మెదపలేదు. అది మా దోషమని ఇచ్చట ఒప్పుకొనుచున్నాము.

చదువురాని ఒక వృద్ధురాలు ఒకనాడు లేచి, చాపల మధ్యనున్న జాగాను దాటి, అటుప్రక్క కూర్చున్న తన యీడు స్త్రీ యెదుట చేయి చాచినది. "ఇయ్యే చెయ్యి. మొన్న నాట్లల్ల ఒక్క మడిలనే వంగినం గద, ఈడ ఏంది దూరం?" అనెను. ఆమె కొంతసేపు తల వంచుకొని, చేయి ఇచ్చినది.

ఆ దినమున అందరును చేతులు కలిపిరని వ్రాసినచో అబద్ధమగును. కొందరు చేతులు కట్టుకొనియే నిలిచిరి. పెండ్లి విందులు ఇప్పటికిని వేరువేరుగానే జరుగుచున్నవి. అయితే చాపలు మాత్రము ఇప్పుడు కలిపి పరచుచున్నారు. మేము కళాశాలలో సంవత్సరములకొలది అభ్యసించినదానిని ఆ తల్లి నాట్ల మడిలో నేర్చినది.

ప్రియ సంఘస్థులారా, నేడు మన బిడ్డలు ఖమ్మం, హైదరాబాదు కళాశాలలకు పోవుచున్నారు. అక్కడ కులము తెలియనివారితో కలిసి ప్రార్థించుట వారికి కష్టము కాదు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మన దేవాలయములో వారికి ఏమి కనబడుచున్నది? రెండు చాపలు కనబడినయెడల వారు మన ఆరాధనను విడిచిపోవుటలో వింతయేమి? గురువులమైన మేమును, పెద్దలైన మీరును, ఆగిన చోటు చూచికూడ కీర్తన ఎత్తుకొను అలవాటును ఈ రెండవ శతాబ్దిలోనైనను మానుదుము గాక.

మార్టిను వస్త్రములో సగము బిచ్చగానికి చేరినందుననే మిగిలిన సగమునకు విలువ కలిగినది. బల్లయొద్ద బయలుదేరిన సమాధానము కడపటి వరుసలోని కడపటి చేతికి చేరునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.