స్వాహిలీ దారుశిల్పము – నవీన పాకశాల

గృహమునకు ద్వారము ముఖమువంటిదని మన దారుశిల్పులు తరతరములుగా నెఱిగిన విషయమే. సముద్రమున కావల, ఆఫ్రికాఖండపు తూర్పుతీరమున నివసించు స్వాహిలీ జనులును దీనిని చక్కగా గ్రహించిరి. వారి కొయ్యపని చరిత్రమును, వీథివాకిట పెరిగిన యా శిల్పము నేడు వంటయింట ప్రవేశించుటలోని యౌచిత్యమును మన సోదరులకును, పోషకమహాశయులకును సంగ్రహముగ నివేదింపదలచితిమి.

లాము, మొంబాసా, జాంజిబారు, కిల్వా యనునవి యీ తీరమందలి రేవుపట్టణములు. 1331వ సంవత్సరమున నిచటికి వచ్చిన ఇబ్ను బతూతా మొంబాసా మసీదులు కొయ్యతో దృఢముగ కట్టబడినవని వ్రాసెను. పదునాఱవ శతాబ్దారంభమున పోర్చుగీసువాడగు దువార్తే బర్బోసా కిల్వా గృహముల తలుపులయందలి చెక్కడమును, కూర్పునేర్పును కొనియాడెను. కావున నీ విద్య జాంజిబారు సుల్తానుల కాలముననే పుట్టినదనుట సరికాదు.

పందొమ్మిదవ శతాబ్దమున లవంగములచేతను, దంతముచేతను, బానిసల విక్రయముచేతను జాంజిబారు ధనవంతమయ్యెను. ద్వారశిల్పమును అప్పుడే పరాకాష్ఠ నొందెను. ద్వారబంధములపై గొలుసులు, చేపలు, పద్మములు చెక్కిరి. రెండు ఱెక్కల నడుమ చిత్రమైన నిలువుపట్టె నమర్చిరి. భారతదేశమునుండి టేకు దిగుమతి యయ్యెను. గుజరాతు, కచ్ఛ దేశముల వర్తకులతోపాటు పనివారును వచ్చిరి; చదరపు పలకల తలుపులకు నిత్తడి బొడిపెలు దిగగొట్టు రీతి యచట నెలకొనెను. 1883లో సుల్తాను బర్గాషు కట్టించిన ‘బైతల్ అజాయిబ్’ అను ఆశ్చర్యమందిరపు ద్వారములు మిగుల ప్రసిద్ధములు.

అయితే వంటయింటి కీ వైభవమున భాగము లేకపోయెను. లాము మిద్దెయిండ్లలో పొగ వెడలిపోవుటకై పాకశాల మీది యంతస్తున నుండెడిది. పొయ్యి, కుండలు, ‘మ్బుజి’ యనబడు కొబ్బరికోరాము, ఇవియే యచటి ముఖ్యసామగ్రి. మ్బుజి యనగా మేక. మడతపీటకు పండ్లుగల యినుపనాలుక నమర్చి, దానిపై కూర్చుండి కొబ్బరి కోరుదురు. మన కోనసీమ యిల్లాండ్రు దానిని చూచినచో పరాయి వస్తువనుకొనరు. సంపన్నగృహములలో నచట శ్రమించినవారు దాసీజనము. 1873లో జాంజిబారు బానిసల యంగడి మూయబడెను; 1897లో దాస్యమునకు చట్టపు బలము తొలగెను. వీథితలుపు యజమాని కీర్తిని చాటుచుండగా, వంటయిల్లు మౌనముగ నుండెను.

పాకశాలను గూర్చి శాస్త్రీయముగ నాలోచించినవారిలో ఆస్ట్రియా దేశస్థురాలగు మార్గరెటె షూట్టె-లిహోట్‌స్కీ ముఖ్యురాలు. ఈమె 1926లో జర్మనీయందలి ఫ్రాంక్‌ఫర్టు నగరపు క్రొత్తయిండ్లకై 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు గల వంటగదిని రచించెను. వండునామె వృథాగా నడువకుండ, ప్రతివస్తువు చేతికందునట్లు దాని నమర్చెను. స్వాహిలీ గదుల వెడల్పును మడకఱ్ఱ దూలముల పొడవే నిర్ణయించుటచే నవి సాధారణముగ మూడు మీటర్లకు మించవు. కావున నీ యిరుకు గదులకు నవీనపద్ధతి చక్కగా పొసగును.

అట్టి పాతయింటి నుద్ధరించువారు కొన్ని విషయములు గమనింపవలెను. గోడలు పవడపురాతితోను, సున్నముతోను కట్టినవి. సిమెంటు పూసినచో తేమ లోననే నిలిచి గోడను చెఱచును. సున్నపుపూతయే మేలు. బరువైన అలమారలను గోడకు వ్రేలాడదీయక, కాళ్లపై నిలుపుట క్షేమము. టేకు, మ్వులె కఱ్ఱలు చెదలకు సులభముగ లొంగవు. పొయ్యిదగ్గఱ నూనెయు మసియు చెక్కడపు సందులలో చేరును. అచట నున్నని పలకలే యుండవలెను. చెక్కడమును పొయ్యికి దూరమైన అలమార తలుపులపై నుంచవలెను. జాలకపు తలుపులచే గాలి యాడి, దినుసులు ముక్కిపోకుండును.

ఇందొక ప్రమాదమును కలదు. పాతద్వారముల నూడదీసి, కోసి, అలమారలుగ మార్చుట తగదు. ఎన్నియో ప్రాచీనద్వారము లిట్లు తమ గృహములను విడిచి దూరదేశములకు పోయినవి. ద్వారము పోయిన యింటి చరిత్రము పోవును. పాతచెక్కడమును కొనువానికి చెక్కువాని యక్కఱ లేదు. జాంజిబారు రాతిపట్టణమును 2000లోను, లాము పాతపట్టణమును 2001లోను యునెస్కో ప్రపంచవారసత్వ స్థలములుగ గుర్తించెను. అయినను 2020 డిసెంబరులో బైతల్ అజాయిబ్ కొంతభాగము కూలిపోయెను. బిరుదు మాత్రమే కట్టడమును కాపాడజాలదు. పని తెలిసిన చేతులును, ఆ చేతులకు పని కల్పించు దాతలును కావలెను.

క్రొత్త వంటయింటికై క్రొత్తకొయ్యపై చెక్కించినచో, పాతద్వారము తన చోటనే నిలుచును. ఒక బాలుడు ఉలి పట్టుట నేర్చును. వీథిని పోవువారికి చూపుటకై పుట్టిన శిల్పము, దినదినము శ్రమించు నిల్లాలి కన్నులకు విందగును. ఇది న్యాయమని మా యభిప్రాయము. మన పోషకులును గృహనిర్మాణమునకు పూనుకొనునపుడు సింహద్వారముతో నాగక, వంటయింటి తలుపును గూడ మన శిల్పుల కప్పగింతురుగాక! దారుశిల్పము వర్ధిల్లుగాక!