మూగజీవుల వైద్యభారము

కలిదిండిలో ఒక పెంపుడు పిల్లికి కాలు విరిగిన, ఎక్స్‌రే, మత్తుమందు, శస్త్రచికిత్స కావలసివచ్చును. బీమా లేని యజమాని ఆ ఖర్చునకు జంకును. ఈ భారము అతనిదొక్కనిదేనా?

క్రీ.పూ. 3వ శతాబ్దమున అశోకుడు మనుష్యులకును, పశువులకును చికిత్స ఏర్పరచితిననియు, ఔషధ మొక్కలు లేనిచోట్ల నాటించితిననియు శాసనము వేయించెను. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలపై అది నేటికిని కలదు.

ఆధునిక పశువైద్య విద్యాలయము 1761లో ఫ్రాన్సు దేశపు లియోన్‌లోను, తరువాత 1903లో మద్రాసులోను వెలసెను. బండికి, నాగలికి, సైన్యమునకు అవసరమగుటచే ఎద్దులు, గుఱ్ఱములే వైద్యుల దృష్టిని ముందుగా ఆకర్షించెను. పొలము దున్నని పిల్లి వెనుకబడెను. ప్రభుత్వముల పూనికచే పశువులను పీడించిన రిండర్‌పెస్టు వ్యాధి 2011 నాటికి లోకమునుండియే తొలగెను. గాయపడిన పిల్లి ఖర్చు మాత్రము చాలవరకు యజమానిపైననే పడుచున్నది. ఎఱ్ఱగుడి శాసనము పనికివచ్చు జీవి, పనికిరాని జీవి అను భేదమును చెప్పలేదు.