పానగల్లు రాజావారును వైద్యశాఖయు

శ్రీకాళహస్తియందు 1866వ సంవత్సరమున జన్మించి, మదరాసు రాజధానికి మొదటిమంత్రియై, 1928 డిసెంబరు 16వ తేదీని కీర్తిశేషులైన పానగంటి రామరాయణింగారిని మన సంఘమువారు సభ జరిగినప్పుడెల్ల స్మరించుచునే యున్నారు. వారి జస్టిసుపక్ష నాయకత్వమును గూర్చియు, దేవాదాయ శాసనమును గూర్చియు వక్తలు చాలినంత చెప్పియున్నారు. వైద్యశాఖయందు వారు చేసిన పని యంతగా వినబడదు. దానినే యిట వ్రాయనెంచితిమి.

1920 డిసెంబరులో వారు స్థానిక స్వపరిపాలన మంత్రియైరి. ఆసుపత్రులును ప్రజారోగ్యమును ఆ శాఖలోనివే. 1921 జూలైలో సుబ్బరాయలు రెడ్డియారుగారి స్థానమున మొదటిమంత్రియైన పిమ్మటను ఆ శాఖను విడువలేదు. ద్వంద్వ ప్రభుత్వమున నది సులభమైన యధికారము కాదు. బొక్కసము గవర్నరు పక్షమువారి చేతిలోనిది. ఆసుపత్రులపై పెత్తనమా, సీమనుండి నియమింపబడు ఇండియన్ మెడికల్ సర్వీసువారిది. మంత్రికి మిగిలినది బాధ్యతయే యని చెప్పవచ్చును. ఇట్టి స్థితిలోనే 1923లో విశాఖపట్టణమున వైద్యకళాశాల వెలసినది. అంతకుముందు మన ఆంధ్ర బాలురు వైద్యపట్టమునకై మదరాసు పోవలసినవారే. ఆ సంవత్సరము నవంబరులోనే కట్టమంచి రామలింగారెడ్డిగారు వారిపై అవిశ్వాస తీర్మానము తెచ్చిరి; అది 44కు 65 వోట్లతో వీగిపోయినది.

దేశీయవైద్యము మాట వేరు. డాక్టరు కోమన్ గారి విచారణ ఆయుర్వేదమునకు ప్రతికూలముగా ముగిసియుండెను. వైద్యులు ఆగ్రహించిరి. అంతట 1921లో ముహమ్మదు ఉస్మాన్ గారి యధ్యక్షతను ఒక సంఘమేర్పడినది. అది వైద్యుల సాక్ష్యములను ఇంగ్లీషున మాత్రమే కాక తెలుగు, అరవము, ఉర్దూ మొదలగు భాషలయందును, సంస్కృతమునందును స్వీకరించినది. దొరతనమువారి విచారణలో చరక సుశ్రుతుల భాషకు స్థానము లభించుట సంస్కృతము చదివిన మాబోంట్లకు సామాన్యమైన సంగతి కాదు. బ్రాహ్మణేతర పక్ష నాయకుడు సంస్కృత ద్వేషియై యుండునని తలచువారు కొంద రిప్పటికిని కలరు. రాజావారు పట్టపరీక్షకు ప్రత్యేకముగ చదివినది సంస్కృతమే!

ఆ సంఘ నివేదిక 1923లో వెలువడినది. దాని ఫలముగా మదరాసున దేశీయ వైద్యపాఠశాల యేర్పడెను. కీలుపాకములోని రాజావారి హైడుపార్కు తోటయే దానికి స్థలమైనది. సంఘమునకు కార్యదర్శిగా నుండిన జి. శ్రీనివాసమూర్తిగారు ప్రథమాధ్యక్షులైరి. వారు పాశ్చాత్య వైద్యము చదివినవారు. ఆయుర్వేదము, సిద్ధము, యునానియు, వానితోడ పాశ్చాత్య శారీరకమును శస్త్రవిద్యయు నేర్పబడినవి. రెండు విద్యలభారము విద్యార్థికి మోయరానిదని మా యభిప్రాయము. ఒకదానికి కేటాయించిన కాలము రెండవదానికి కొరత కాక తప్పదు. అయినను, వైద్యుని యింటి అరుగుమీద మాత్రమే వినబడు శాస్త్రమును తరగతి గదిలోనికి దెచ్చిన గౌరవము వారిదే.

1926 ఎన్నికల పిమ్మట రాజావారు పదవి వీడిరి. రెండేండ్లకే గతించిరి. ఆ పాఠశాల క్రమముగా మారి, 1960లో ఆ ప్రాంగణమే ఇంగ్లీషువైద్యము నేర్పు కీలుపాకము వైద్యకళాశాల యైనది. త్యాగరాయనగరమందలి పానగల్లు పార్కును చూపి వారి పేరు చెప్పు మనవారు, మదరాసు పోయినప్పుడు ఈ తోటనుగూడ నొకమారు చూచిరావలెనని కోరుచున్నాము.