ద్రవత్వ విచారం: వైశేషికుల దృష్టిలో జలం, ఘృతం, సువర్ణం

పంచభూతాలను ఆధునిక పదార్థ స్థితులతో సమన్వయించే వ్యాఖ్యానాలు తరచుగా వినవస్తుంటాయి. పృథివి అంటే ఘనస్థితి, జలం అంటే ద్రవస్థితి, వాయువు అంటే వాయుస్థితి అని వాటి సారాంశం. ఈ సమన్వయం వినడానికి రమ్యంగానే ఉంటుంది. కాని భూతవిచారాన్ని సాంగోపాంగంగా నిర్వహించిన వైశేషిక దర్శనం దీనిని అంగీకరించదు. ఆ దర్శనంలో భూతం ఒక ద్రవ్యం. ద్రవత్వం ద్రవ్యాన్ని ఆశ్రయించి ఉండే ఒక గుణం. కరిగిన నేయి జలం కాదు. గడ్డకట్టిన జలం పృథివి కాదు. ద్రవ్యానికీ దాని స్థితికీ మధ్య గల ఈ భేదాన్ని గుర్తించడమే వైశేషికుల విశిష్టత.

కణాద మహర్షి తమ సూత్రాలలో పేరు పెట్టి లెక్కించిన గుణాలు 17. వాటిలో ద్రవత్వం లేదు. అయినా రెండవ అధ్యాయంలో ఆ ప్రస్తావన వస్తుంది. నేయి, లక్క, మైనం అగ్నిసంయోగం వలన ద్రవిస్తాయనీ, తగరం, సీసం, ఇనుము, వెండి, బంగారం కూడా అట్లే ద్రవిస్తాయనీ, ఈ ద్రవత్వం జలానికీ వాటికీ సమానమనీ మహర్షి అభిప్రాయం. అనగా ప్రవహించేదంతా జలమని నిర్ణయించడానికి వీలులేదు. సుమారు 6వ శతాబ్దానికి చెందిన ప్రశస్తపాదాచార్యులు గుణాల సంఖ్యను 24గా స్థిరపరచి, ద్రవత్వానికి వాటిలో స్థానం కల్పించారు. దానిని రెండు విధాలుగా విభజించారు. జలంలో ఉండేది సాంసిద్ధికం, అంటే స్వభావసిద్ధం. పృథివీ తేజస్సులలో ఉండేది నైమిత్తికం, అంటే అగ్నిసంయోగమనే నిమిత్తం చేత కలిగేది.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపం ఎదురయింది. ద్రవత్వం జలానికి స్వభావమే అయితే మంచుగడ్డ, వడగండ్లు కఠినంగా ఎందుకుంటాయి? ప్రశస్తపాదులు ఈ ప్రశ్నను దాటవేయలేదు. దివ్యతేజస్సుతో కూడిన జలపరమాణువులు పరస్పరం గాఢంగా సంయోగం చెందుతాయనీ, ఆ సంఘాతం వలన వాటి ద్రవత్వానికి ప్రతిబంధం కలుగుతుందనీ సమాధానం చెప్పారు. దీనికి మూలం కణాద సూత్రాలలోనే ఉన్నది. జలం గడ్డకట్టడానికీ, తిరిగి కరగడానికీ కూడా తేజఃసంయోగమే కారణమని అక్కడ చెప్పబడింది. మేఘమండలంలో అట్టి తేజస్సు ఉన్నదనడానికి ఉరుమును లింగంగా, అంటే అనుమాన హేతువుగా చూపారు. వడగండ్లు ఉరుములతో కూడిన వానలోనే పడతాయన్నది ప్రత్యక్షానుభవం కదా.

నైమిత్తిక ద్రవత్వాన్ని కూడా ఆచార్యులు పరమాణువుల స్థాయిలోనే వివరించారు. అగ్నిసంయోగం వలన నేతి పరమాణువులలో చలనం పుడుతుంది. చలనం వలన విభాగం, విభాగం వలన పూర్వసంయోగ నాశం, తత్ఫలితంగా పూర్వద్రవ్య నివృత్తి జరుగుతాయి. అట్లు విడివడిన పరమాణువులలో వేడిమి ద్రవత్వాన్ని పుట్టిస్తుంది. ఆ పరమాణువులు మరల కూడినప్పుడు ఏర్పడేది ద్రవరూపమైన నేయి.

ఈ విచారంలో మిక్కిలి వివాదాస్పదమైనది సువర్ణం. దానిని వైశేషికులు తేజోద్రవ్యంగా, గనులలో లభించే తేజస్సుగా పరిగణించారు. 17వ శతాబ్దంలో తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహానికి తానే రచించిన దీపికా వ్యాఖ్యలో ఇందుకు యుక్తి చూపాడు. నేతిని అత్యంతంగా కాచితే దాని ద్రవత్వం నశిస్తుంది. బంగారాన్ని ఎంత కాచినా, ప్రతిబంధకమేదీ లేకున్నా, దాని ద్రవత్వం నశించదు. కనుక అది పార్థివం కాదు. దాని ద్రవత్వం నైమిత్తికం గనుక జలమూ కాదు. రూపం కలది గనుక వాయువు మొదలైనవీ కాదు. మిగిలేది తేజస్సే. నేటి తర్కవిద్యార్థి సైతం బాల్యపాఠంగా చదివే ఈ పరిశేషానుమానానికి ఆధారం స్వర్ణకారుని మూసలో నిత్యం కనబడే దృశ్యం.

ఆధునిక శాస్త్రం ఈ నిర్ణయాలను సమర్థించదు. బంగారం ఒక మూలకం; 1,064 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది, ఇంకా ఎంతో అధికమైన ఉష్ణోగ్రత వద్ద ఆవిరి అవుతుంది. ద్రవత్వం జలానికి మాత్రమే స్వభావసిద్ధం కాదు. ఏ పదార్థపు స్థితి అయినా ఉష్ణోగ్రతను, పీడనాన్ని అనుసరించి ఉంటుంది. జలం గడ్డకట్టేటప్పుడు ఉష్ణం చేరదు, వెలువడుతుంది. మంచు కరిగేటప్పుడు ఉష్ణోగ్రత పెరగకుండానే ఉష్ణాన్ని గ్రహిస్తుందని 1760 దశకపు ఆరంభంలో జోసెఫ్ బ్లాక్ గ్లాస్గోలో నిరూపించాడు. ఒక గ్రాము మంచుకు అవసరమైన ఆ గుప్తోష్ణం సుమారు 334 జౌళ్లు.

అయినా నేతికీ బంగారానికీ మధ్య వారు గమనించిన భేదం యథార్థం. కరగడం భౌతిక పరివర్తన. చల్లబడితే నేయి మరల పేరుకుంటుంది. అత్యంతంగా కాగి మండిన నేయి ఇక నేయి కాదు. అందులోని కర్బనం, ఉదజని ప్రాణవాయువుతో కలిసి వేరే పదార్థాలవుతాయి. అది రసాయన పరివర్తన. బంగారం గాలిలోని ప్రాణవాయువుతో కలవదు గనుక మూసలో ఎంతసేపున్నా బంగారంగానే నిలుస్తుంది. ఒకటి నిలుస్తున్నది, మరొకటి నశిస్తున్నది ఎందుచేత అన్న ప్రశ్న సరైనదే. దానికి వారిచ్చిన సమాధానం మాత్రం వేరు.

ప్రాచీనులకు సర్వమూ తెలుసుననడం గాని, ఏమీ తెలియదనడం గాని వారి గ్రంథాలను చదవకుండా చేసే నిర్ణయాలే. పంచభూతాలను మూడు స్థితులకు మారుపేర్లుగా చేసినప్పుడు వడగండ్లను గురించిన ఆక్షేపమూ, సువర్ణాన్ని గురించిన వాదమూ అదృశ్యమవుతాయి. వాటితోపాటు, తన సిద్ధాంతానికి ప్రతికూలంగా కనిపించిన దృష్టాంతాన్ని తానే ముందుంచి సమాధానం వెదికిన శాస్త్రసంప్రదాయమూ మరుగున పడుతుంది. దర్శనాన్ని గౌరవించడమంటే అది చెప్పిన మాటను చెప్పినట్లుగా గ్రహించడం.