మాల్‌లో కూర్చునే చోటు

మన ఊళ్ళల్లో షాపింగ్ మాల్ అంటే బట్టల కొట్టే కదా! కింద రోజువారీ చీరలు, పై అంతస్తులో పట్టుచీరలు, ఆ పైన పిల్లలవీ మగవాళ్ళవీ. బయట మాత్రం 'షాపింగ్ మాల్' అని పెద్ద బోర్డు. అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉన్న మన పిల్లలకి మాల్ అంటే అది కాదు. వందల కొట్లు, సినిమా హాళ్ళు, తినే చోట్లు, ఆడుకునే చోట్లు అన్నీ ఒకే కప్పు కింద ఉంటేనే మాల్. ఒకే మాట దేశానికో అర్థం, దేశానికో సైజు ఎందుకయిందా అని వెతుకుతూ పోతే నాకు మన ఆడవాళ్ళ కథే దొరికింది.

అసలు ఈ మాటలో కొనడం, అమ్మడం లేవు. 17వ శతాబ్దంలో లండన్‌లో కర్రసుత్తితో బంతిని కొడుతూ ఆడే 'పాల్ మాల్' అనే ఆట ఉండేది. ఆ ఆట కోసం వేసిన చెట్ల వరసల దారికి మాల్ అనే పేరొచ్చింది. ఆట పోయింది, దారి షికారుకి మిగిలింది. నీడపట్టున నాలుగడుగులు వేసే చోటన్న మాట!

ఆ నాలుగడుగులే ఆడవాళ్ళకి కష్టమయ్యేవి. యూరప్‌లో కూడా 19వ శతాబ్దంలో మర్యాదస్తుల ఇంటి ఆడవాళ్ళు ఒంటరిగా బజారుకి వెళ్తే వింతగా చూసేవారు. పారిస్‌లో అరిస్టిడ్ బూసికో 1852లో 'బాన్ మార్షే' అనే కొట్టులో భాగస్వామిగా చేరి, దాన్ని పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్‌గా పెంచాడు. వస్తువు మీదే ధర రాసి ఉంటుంది, బేరం ఉండదు. లోపలంతా తిరిగి చూసి, ఏమీ కొనకుండా వచ్చేయొచ్చు. ఒకే ధర పద్ధతి జపాన్‌లో ఇంకా పాతది. 1673లో మొదలైన ఎచిగోయా అనే కిమోనో కొట్టు బేరాలు లేకుండా అమ్మి పేరు తెచ్చుకుంది. అదే తర్వాత మిత్సుకోషి అయింది.

1909లో లండన్‌లో సెల్‌ఫ్రిడ్జెస్ తెరిచినప్పుడు విశ్రాంతి గదులు, చదువుకునే గది, భోజనశాల కూడా పెట్టారు. ఇందులో విశేషమేముంది అనిపిస్తుందేమో. ఆడవాళ్ళకి బయట మరుగుదొడ్డి దొరకడమే అరుదైన రోజులవి. ఎంత దూరం వెళ్ళొచ్చో, ఎంతసేపు ఉండొచ్చో దాన్నిబట్టే ఉండేది.

మనకిది పుస్తకం చూసి తెలుసుకోవాల్సిన సంగతా? చిన్నప్పుడు సుల్తాన్ బజార్‌కి బయల్దేరే ముందు మా అమ్మ "నీళ్ళెక్కువ తాగకే, అక్కడ ఎక్కడికీ వెళ్ళడానికుండదు" అనేది. మీ ఇళ్ళల్లోనూ ఈ మాట వినే ఉంటారు.

ఇప్పుడు మనకి తెలిసిన మూసిన మాల్ పుట్టింది 1956లో, అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో. పేరు సౌత్‌డేల్. 72 కొట్లు. బయట ఎముకలు కొరికే చలి ఉన్నా లోపల ఎప్పుడూ 24 డిగ్రీలు. దాన్ని రూపొందించిన విక్టర్ గ్రూయెన్ వియన్నాలో పుట్టిన యూదుడు. 1938లో నాజీలు ఆస్ట్రియాని ఆక్రమించాక అమెరికా చేరాడు. అక్కడి కొత్త కాలనీలు చూస్తే ఇళ్ళే ఇళ్ళు, నడిచి వెళ్ళడానికి ఓ కొట్టూ లేదు, కూర్చోవడానికి ఓ అరుగూ లేదు. భర్త కారులో ఆఫీసుకి వెళ్ళాక ఇంటావిడ ఇంట్లోనే. వియన్నా వీధుల్లాంటి కలుసుకునే చోటు కట్టాలని, చుట్టూ ఇళ్ళు, బడి, పార్కు, చెరువు ఉండాలని ఆయన గీసుకున్నాడు. చివరికి కట్టింది మాల్, దాని చుట్టూ కార్లు పెట్టే మైదానం. అలాంటివే దేశమంతా మొలిచాయి. 1978లో ఆయన, ఆ మాల్స్‌కి తాను తండ్రినని ఒప్పుకోనన్నాడు.

అక్కడినుంచి ఏ దేశం తనకి లేనిదాన్ని మాల్‌లో పెట్టుకుంది. ఎండ మండే దుబాయ్‌లో 2008లో తెరిచిన మాల్‌లో 1,200కి పైగా కొట్లు, మంచు మీద జారే మైదానం, పెద్ద చేపల తొట్టి ఉన్నాయి. ఎండా వానా రెండూ ఎక్కువైన ఫిలిప్పీన్స్‌లో మాల్‌లోనే ఆదివారం ప్రార్థనలు, మాల్‌లోనే ప్రభుత్వ కార్యాలయాల కౌంటర్లు. జర్మనీలో చాలావరకు ఆదివారం కొట్లు మూసేస్తారు. ఆ రోజు కొట్టులో పనిచేసేవాళ్ళకి కూడా ఇల్లుంటుంది కదా. చైనాలోని డోంగువాన్‌లో 2005లో రెండు వేలకి పైగా కొట్లు పట్టే మాల్ కట్టి, వెనిస్ కాలువల్లాంటి కాలువలు కూడా తవ్వారు. కానీ చుట్టుపక్కల ఉన్నది ఎక్కువగా వలస వచ్చిన ఫ్యాక్టరీ కార్మికులు. ఏళ్ళ తరబడి అది దాదాపు ఖాళీగానే ఉంది. ఊరికి ఏం కావాలో చూడకుండా సైజు పెంచితే అంతే.

మన దేశంలో 1999లో ముంబయిలో క్రాస్‌రోడ్స్ మాల్ తెరిచిన కొత్తల్లో సెల్‌ఫోనో క్రెడిట్ కార్డో ఉంటేనే రానిచ్చారు, లేదంటే డబ్బు కట్టి రావాలి. విమర్శలొచ్చాక మానేశారు. ఇప్పుడు హైదరాబాద్ మాల్స్‌లో కాలేజీ పిల్లలు, మనవల్ని ఆడించే అమ్మమ్మలు ఏమీ కొనకుండానే గంటలు గడుపుతారు. శుభ్రమైన బాత్రూమ్, చల్లగాలి, కూర్చోవడానికి బెంచీ. ఇవి ఊళ్ళో దొరకవు కాబట్టే మాల్‌కి వెళ్తున్నామని నాకనిపిస్తుంది.

మరి మన బట్టల మాల్ సంగతి? ఒకప్పుడు బట్టల కొట్టులో తెల్ల పరుపు పరిచేవారు. అమ్మేవాళ్ళూ కూర్చునేవారు, మనమూ కూర్చునేవాళ్ళం. కొట్టు మాల్ అయ్యాక అద్దాల బీరువాలు, కౌంటర్లు వచ్చాయి. మనకి కుర్చీ వేశారు, చీరలు చూపించే అమ్మాయి మాత్రం పొద్దుట్నుంచీ రాత్రిదాకా నిలబడే ఉంది.

కేరళలో కోళికోడ్ మిఠాయి వీధి కొట్లలో పనిచేసే ఆడవాళ్ళు కూడా మా అమ్మ చెప్పినట్టే నీళ్ళు తాగడం మానుకునేవారు, వెళ్ళడానికి మరుగుదొడ్డి లేక. పి. విజి అనే దర్జీ పనిచేసే ఆవిడ వాళ్ళని కూడగట్టింది. మొదట మరుగుదొడ్డి, తర్వాత కూర్చునే హక్కు అడిగారు. 2018లో కేరళ ప్రభుత్వం చట్టం మార్చి కొట్లలో పనివాళ్ళకి కూర్చునే వీలు కల్పించాలంది. 2021లో తమిళనాడు కూడా అదే చేసింది. అడిగింది సింహాసనం కాదు, ఓ స్టూలు. అందుకు ఏళ్ళు పట్టింది.

శ్రావణమాసం చీరలకి వెళ్తారుగా, కౌంటర్ వెనక్కి ఓసారి చూడండి. స్టూలు లేకపోతే బిల్లు కట్టేటప్పుడు మేనేజర్ని అడగండి. నలభై చీరలు విప్పించి నచ్చలేదని లేచిపోయే చనువున్న మనం ఆ ఒక్క మాట అడగలేమా?