ఉస్తాద్ చెంత నేర్చిన విద్య

చేతిపని విద్య గ్రంథాలలో కంటె పనివారి సాంగత్యంలోనే ఎక్కువగా నిలుస్తుంది. ఈ సంగతిని ఇబ్ను ఖల్దూన్ (1332–1406) ఏనాడో గుర్తించాడు. వృత్తి అనేది పదేపదే చేయుటవల్ల మనిషిలో స్థిరపడే 'మలకా' అనీ, విని నేర్చినదానికంటె కళ్ళారా చూచి నేర్చినదే పూర్ణమైనదనీ, శిష్యుని నైపుణ్యం గురువు నైపుణ్యాన్ని బట్టి ఉంటుందనీ 1377 నాటి 'ముఖద్దిమా'లో వివరించాడు.

ఈ మాటకు నిదర్శనం మన నంద్యాల సీమలోనే కలదు. ఇక్కడి నల్లరేగడి పత్తికి ప్రసిద్ధి. 1906లో నంద్యాలలో ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం వెలసింది. అక్కడి పత్తి పరిశోధనలు నివేదికల కెక్కాయి. అదే పత్తిని విల్లుతో ఏకి, పరుపులు కుట్టిన దూదేకుల (నూర్‌బాష) వారి విద్య మాత్రం ఏ నివేదికకూ ఎక్కలేదు. నారిని ఎంత బిగించాలి, దూది ఎప్పుడు విచ్చుకున్నట్టు అన్నది కుర్రవాడు తండ్రి పక్కన కూర్చుని, చెవితో, చేతితో గ్రహించవలసిందే. ఆళ్లగడ్డ శిల్పుల పనిశాలలలోనూ ఉలి విద్య తరతరాలుగా ఇట్లే సాగింది. మతం వేరైనా నేర్చే తీరు ఒకటే.

1991లో జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ అనే పండితులు ఇటువంటి పనివారి సమూహాలను గురించి ఒక గ్రంథం వెలువరించారు. అందులో లైబీరియా దేశపు వాయి, గోలా దర్జీల ఉదాహరణ గమనింపదగినది. అక్కడ కొత్తవాడు మొదట ఇస్త్రీ చేస్తాడు, గుండీలు కుడతాడు, అంచులు మడుస్తాడు, తరువాత కుట్టు, గుడ్డ కత్తిరించడం చిట్టచివర. కుట్టు తప్పితే విప్పవచ్చును, కత్తెర తప్పితే గుడ్డే పోతుంది. పైగా పూర్తయిన వస్త్రాన్ని ముందే చేతపట్టినవానికి దాని నిర్మాణం బోధపడుతుంది.

హదీసు విద్యలో ఎవరు ఎవరివద్ద విన్నారో తెలిపే ఇస్నాద్‌ను మనం ఎంతో జాగ్రత్తగా కాపాడుకున్నాము. పనివారికీ అటువంటి గొలుసు ఉంది. కాని దానిని వ్రాసిపెట్టినవారు అరుదు. 1948 వరకు ఏలిన బనగానపల్లె నవాబుల వంశక్రమం మనకు దొరుకుతుంది. ఆ నవాబుల పరుపులకు దూది ఏకిన ఉస్తాదుల పేర్లు దొరకవు. ఏకుడు యంత్రాలు, స్పాంజి పరుపులు వచ్చి విల్లు మూలపడింది. పని ఆగితే పని చుట్టూ చేరిన సమూహం చెదురుతుంది. సమూహం చెదిరితే విద్య పోతుంది. విల్లు పట్టిన వృద్ధులు ఇంకా ఉన్న ఊళ్లలో, వారు ఎవరివద్ద, ఎట్లా నేర్చారో అడిగి వ్రాసుకొనుట చరిత్రకారుల విధి. అది కూడ ఇల్మే.